గండికోట: పెన్నా కోసిన దారి

కడప జిల్లా జమ్మలమడుగు నుంచి పడమరగా సుమారు పదిహేను కిలోమీటర్లు పోతే రోడ్డు నేరుగా కోట గుమ్మంలోకి తీసుకుపోతుంది. మాధవరాయస్వామి గుడి గోపురం, జామా మసీదు, ధాన్యాగారం, పాత జైలు, అన్నీ ఆ గోడల లోపలే ఉన్నాయి. వచ్చినవాళ్లలో చాలామంది వాటి పక్కగా నడిచి లోయ అంచుకు చేరి, ఫొటో తీసుకుని వెనక్కి మళ్లుతారు. గండికోటను చూసే పద్ధతి అది కాదు. ఇక్కడ నదే పెద్దది, కోట దాని తర్వాతే.

కోట కథ కొద్ది మాటల్లో చెప్పుకోవచ్చు. 1123లో కాకరాజు పునాది వేశాడంటారు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఆయనను కలవడానికి ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో ఇంత దూరం వచ్చాడు. 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఇన్ని చేతులు మారినా అందరూ ఈ చోటునే కోరుకున్నారు. ఉత్తరాన పెన్నా లోయ ఉంటే ఆ పక్క వేరే అగడ్త తవ్వే పని లేదు.

పెన్నా నంది కొండల్లో పుట్టి, అనంతపురం జిల్లా మీదుగా వచ్చి, చిత్రావతిని కలుపుకొని ఎర్రమల కొండలకు అడ్డం పడుతుంది. నది పక్కకు తప్పుకోలేదు, కొండను కోసుకుంటూ పోయింది. అంచు నుంచి కిందికి సుమారు మూడు వందల అడుగులు. రెండు గోడలూ ఎర్రటి రాతి పొరలే. ఎర్రగుంట్ల దారిలో ఫ్యాక్టరీల ముందు నాపబండలు పేర్చిపెట్టినట్టు ఒకదాని మీద ఒకటి బల్లపరుపుగా ఉంటాయి. లోయ గోడల రాయి క్వార్ట్‌జైట్. నూరు కోట్ల ఏళ్లకు పైగా వెనక సముద్రం అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైంది. వంగి చూస్తే కొన్ని బండల మీద ఆనాటి అలలు గీసిన చాళ్లు వేలికి తగులుతాయి. రాయలసీమ నడిబొడ్డున నిలబడి సముద్రాన్ని తడుముతున్నామన్న ఆలోచన నన్ను చాలాసేపు అక్కడే కూర్చోబెట్టింది.

ఈ లోయను అమెరికాలోని ప్రసిద్ధ లోయతో పోల్చడం అలవాటైపోయింది. పోల్చాలంటే నాకు ఆఫ్రికా ముందు గుర్తొస్తుంది. అక్కడ జాంబేజి నది విక్టోరియా జలపాతం దగ్గర దూకి, నల్లటి అగ్నిశిలను కోసుకుంటూ ఇరుకు లోయలో పడి పోతుంది. దాన్నీ, ఆ తీరాన ఏనుగులనూ చూడటానికి లక్షలు ఖర్చు పెట్టి పోయేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. గండికోటలో ఏనుగులు లేవు. కోతులు గోడల మీద కాపురం చేస్తాయి. గద్దలు మన కాళ్ల కిందుగా ఎగురుతాయి. వాటి వీపు పైనుంచి చూడటం ఎక్కడ పడితే అక్కడ దొరికేది కాదు. ఎండెక్కాక తొండలు బండల మీదికి వస్తాయి. జత కట్టే కాలంలో మగదాని వీపు నిప్పులా ఎర్రబడుతుంది, పక్కలు నల్లగా ఉంటాయి. అడుగు దూరంలో తల ఆడిస్తూ నిలబడి, మన నీడ పడగానే నెర్రెలో దూరుతుంది.

ఆఫ్రికాతో అసలు చుట్టరికం ఇదే పెన్నా వెంట కిందికి, సిద్దవటం దగ్గర ఉంది. అక్కడి ముళ్లపొదల్లో కలివికోడి అనే పిట్ట ఉండేది. రాత్రిపూట తిరిగే పిట్ట, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. దాని దగ్గరి బంధువులన్నీ ఆఫ్రికా మైదానాల్లోనే ఉన్నాయి. 1848లో శాస్త్రలోకం దీన్ని నమోదు చేసింది. 1900 తర్వాత కనిపించకపోతే అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర స్థానిక వేటగాడొకరు రాత్రి దీపం వెలుగులో పట్టుకోవడంతో బతికే ఉందని తేలింది. దాని కోసమే 1988లో లంకమల అభయారణ్యం వెలిసింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. గండికోటకు వచ్చినవాళ్లు సిద్దవటం కూడా చూసిపోతే పెన్నా సగమైనా అర్థమవుతుందని నా నమ్మకం.

లోయలో కనిపించే నీళ్లకు ఇంకో కథ ఉంది. ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం, దిగువన మైలవరం. శ్రీశైలం నుంచి అవుకు మీదుగా వచ్చే కృష్ణ నీళ్లు గండికోట జలాశయంలో కలుస్తాయి. ఇక్కడి నుంచే ఎత్తిపోసి పులివెందుల వైపు పంపుతారు. ఆ నీటి కోసం కొండాపురం మండలంలో ఊళ్లు మునిగాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు వాళ్లు ఇళ్లు ఖాళీ చేసి పోవాల్సి వచ్చింది. నిండిన జలాశయాన్ని చూసి సంతోషించేటప్పుడు ఆ ఊళ్ల పేర్లు కూడా తలుచుకోవాలి.

నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గంలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు రెండూ ఉన్నాయి. జమ్మలమడుగు నుంచి ఆటోలు దొరుకుతాయి. భోజనానికి రాగిసంగటి, నాటుకోడి పులుసు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం బాగుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బండలు కాలుతాయి, నీళ్లు వెంట తీసుకుపోవాలి. వానలో ఆ రాయి జారుతుంది, పిల్లలను అంచుకు పోనివ్వకండి.