ఎముకల గుడిలో మాటల్లేని సినిమా!

మెట్లు దిగి లోపలికెళ్లగానే తల పైన పెద్ద షాండ్లియర్‌ వేలాడుతుంటుంది. 'భలే ఉందే' అనుకుంటూ దగ్గరికెళ్లి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అదంతా మనుషుల ఎముకలే మరి! మన ఒంట్లో ఉండే ప్రతి ఎముకా అందులో కనీసం ఒక్కటైనా ఉంటుందట.

చెక్‌ రిపబ్లిక్‌ రాజధాని ప్రాగ్‌ నుంచి రైలెక్కితే దాదాపు గంటలో కుట్నా హోరా వస్తుంది. ఒకప్పుడు వెండి గనులతో వెలిగిపోయిన ఊరు. దాని శివారు సెడ్లెత్స్‌లో ఉందీ చర్చి. 1278లో ఇక్కడి మఠాధిపతి ఏసుక్రీస్తును శిలువ వేసిన గొల్గొతా కొండ నుంచి పిడికెడు మట్టి తెచ్చి శ్మశానంలో చల్లాడంటారు. దాంతో ఎక్కడెక్కడివారో తమను ఇక్కడే పూడ్చాలని కోరుకున్నారు. ఆపైన ప్లేగూ, యుద్ధాలూ. చోటు చాలక పాత ఎముకల్ని తవ్వితీసి చర్చి కింది భాగంలో పేర్చారు. అవి 40 వేల నుంచి 70 వేల మందివని అంచనా. 1870లో ఫ్రాంటిషెక్‌ రింట్‌ అనే చెక్కపనివాడు వాటితోనే షాండ్లియర్‌, దండలు, తనకు పని అప్పగించిన ష్వార్జెన్‌బర్గ్‌ వంశపు చిహ్నం తయారుచేశాడు. చివరికి తన సంతకమూ ఎముకలతోనే పెట్టాడు!

ఈ చోటునే పది నిమిషాల నలుపు తెలుపు చిత్రంగా తీశాడు ప్రముఖ సర్రియలిస్టు దర్శకుడు యాన్‌ ష్వాంక్‌మాయెర్‌. పేరు 'కోస్త్‌నిత్సె', అంటే ఎముకల గది. 1970లో వచ్చింది. సోవియట్‌ ట్యాంకులు ప్రాగ్‌లోకి దిగి అప్పటికి రెండేళ్లు. ముందు ఆ చిత్రంలో, పిల్లలకు చర్చిని చూపిస్తూ గైడ్‌ చెప్పే మాటలు వినిపించేవి. అవి అధికారులకు నచ్చలేదు. తీసేయమన్నారు. వాటి స్థానంలో జ్‌దెన్యెక్‌ లిష్కా సంగీతం, ఓ పాట వచ్చి చేరాయి. సంభాషణ ఒక్కటీ లేదు. పుర్రె నుంచి పుర్రెకు కెమెరా పరుగులు తీస్తుంటే, చెప్పేవాళ్లెవరూ లేక మనమే కళ్లప్పగించి చూస్తాం.

ఇప్పుడక్కడ మరో రకం నిశ్శబ్దం. పుర్రెలకు టోపీలు, కళ్లద్దాలు పెట్టి సెల్ఫీలు దిగేవారు ఎక్కువవడంతో, 2020 నుంచి ముందస్తు అనుమతి లేకుండా ఫొటోలు తీయనివ్వడం లేదు. ఫోను జేబులో పెట్టుకుని నిలబడితే అప్పుడు తడుతుంది... ఇది వింత వస్తువుల ప్రదర్శన కాదు, వేల మంది నిద్రపోతున్న చోటు అని!