అలాస్కా యోడయాత్ర: ఇల్లాండ్ర సందేహములు

అమెరికా పశ్చిమతీరమున సియాటిల్ నగరపు చుట్టుప్రక్కల నుద్యోగములు చేయుచున్న తెలుగు కుటుంబములు నేడు పెక్కు గలవు. వేసవిలో బిడ్డలను, మనుమలను చూచివచ్చుటకు మన దేశమునుండి పోవు తల్లిదండ్రులను, అత్తమామలను ఆ పిల్లలు తఱచుగా అలాస్కా యోడయాత్రకు గొనిపోవుచున్నారు. టిక్కెట్లు కొన్న వార్త వినిన నాటినుండి ఇల్లాండ్ర మనస్సున సందేహములు మొలకెత్తును. చలికి తాళగలమా? తిండి యెట్లు? కడుపులో త్రిప్పునా? చీర కట్టుకొని తిరుగవచ్చునా? వీనిని అడుగుటకు పెద్దలు మొగమాటపడుదురు. పిల్లలు "అన్నియు మేము చూచుకొందుము, నీవు వచ్చి కూర్చుండుము" అని యొక్క మాటతో సరిపెట్టుదురు. ఆ మాట నమ్మి ఓడ యెక్కిన ఇల్లాండ్రు కొందఱు, చలికి వెఱచి, దారి తెలియక, గదిలోనే దినములు గడపుట మేము కన్నులార చూచితిమి. వారికి కొఱవడినది ధైర్యము కాదు, ముందుగా తెలియవలసిన కొన్ని సంగతులు మాత్రమే.

మాతో వచ్చిన మా పెద్దమ్మగారికి అఱువదియెనిమిదేండ్లు. మోకాళ్ళనొప్పి, రక్తపుపోటు గలవారు, శాకాహారి. విశాఖపట్టణములో సముద్రము నొడ్డున నిలిచి చూచుటయే గాని ఓడ యెక్కి యెఱుగరు. ప్రయాణమునకు రెండు నెలల ముందే ఆమె యొక నోటుపుస్తకమున తన సందేహములన్నియు వ్రాసికొని, సమాధానము దొరికినదాని నెల్ల గీతతో కొట్టివేయుచు వచ్చిరి. ఆ ప్రశ్నలే యీ వ్యాసమునకు మూలము. ఇట్టి ప్రయాణమునకు సిద్ధపడుచున్న సోదరీమణుల కుపయోగపడునని యిచట వ్రాయుచున్నాము.

పోవునది ఎచ్చటికి?

అలాస్కా యనగానే ఉత్తరధ్రువపు గడ్డమంచు తలపునకు వచ్చును. ఈ యోడలు పోవునది అంత దూరము కాదు. 1867లో అమెరికావారు రష్యాకు 72 లక్షల డాలర్లిచ్చి కొన్న ఆ విశాలదేశమున ఆగ్నేయపు మూల వందలాది ద్వీపములు కలవు. ఓడలు చాలవరకు వాని నడుమనే నడచును. ఇరుప్రక్కల దేవదారువంటి వృక్షములు దట్టముగా నెదిగిన కొండలు, వాని శిఖరములపై మంచు, క్రింద చెఱువువంటి నీరు. కెచికాన్, జూనో, స్కాగ్వే యను మూడూళ్ళలో ఓడ ఆగును. జూనో అలాస్కాకు రాజధానియే యైనను వెలుపలినుండి ఆ యూరికి రోడ్డు లేదు. ఓడలోనో, విమానములోనో రావలసినదే.

ఈ యాత్రలు ఏప్రిలు చివరనుండి అక్టోబరు వఱకు సాగును. జూన్, జూలై నెలలు తక్కినవానికంటె వెచ్చన. ఆగస్టు దాటినకొలది వానలు హెచ్చును.

చలి యెంత?

జూన్, జూలైలలో జూనోలో పగటివేడిమి ఇంచుమించు 15 మొదలు 18 డిగ్రీల వఱకు నుండును. అనగా హైదరాబాదున సంక్రాంతినాటి తెల్లవారుజామువంటి చలి. లంబసింగి చలి నెఱిగినవారికి ఇది లెక్కకు రాదు. భయపడవలసినది ఈ యంకెను చూచి కాదు, గాలిని, తడిని చూచి. ఓడ గంటకు ముప్పది కిలోమీటర్లు పోవుచుండగా, గాలి లేకున్నను పైతట్టున నిలిచినవారికి ఆ వేగమున గాలి కొట్టును. మంచుకొండల దాపున అది మఱింత చల్లగా నుండును. ఇక వాన సంగతి: కెచికానులో ఏటికి 140 అంగుళములకు పైగా కురియును. విశాఖలో కురియుదానికి మూడింతలకు మించిన మాట. కావున ఏ నెలలో పోయినను వానకు సిద్ధపడియే పోవలెను.

ఏ బట్టలు?

ఒక్క బరువైన కోటుకంటె పలుచని పొరలు మూడు మేలు. ఒంటికి అంటియుండు ఉన్ని బనీను మొదటిది, దానిపై స్వెట్టరు, అన్నిటిపైన గాలిని, నీటిని చొరనీయని తలకప్పు గల వానకోటు. ఎండ వచ్చినపుడు ఒకటి తీయవచ్చును, గాలి వీచినపుడు వేయవచ్చును. నూలుబట్ట తడిసినచో శరీరపు వేడిమిని లాగివేయును. ఉన్ని తడిసినను కొంత వెచ్చదనము నిలుపును. అందుచే ఒంటికి తగులు పొర నూలుది కారాదు. చెవులు మూయు టోపి, చేతితొడుగులు, మూడు జతల ఉన్ని మేజోళ్ళు, జాఱని అడుగు గల బూట్లు తప్పనిసరి. గొడుగు గాలికి నిలువదు.

చీర కట్టరాదా యని పెద్దమ్మగారి ప్రశ్న. ఓడ లోపల నిస్సంశయముగా కట్టవచ్చును. లోపల నెల్లప్పుడు వెచ్చగానే యుండును. విందు జరుగు రాత్రులలో దొరలు, దొరసానులు ముస్తాబై వచ్చుచోట మన పట్టుచీరను మించిన ముస్తాబు లేదు. పైతట్టుకు పోవునపుడు మాత్రము కొంగు గాలికి నిలువదు, కుచ్చెళ్ళు తడియును. అచట సల్వారు, దానిక్రింద ఉన్ని లాగు సుఖము. మా పెద్దమ్మగారు జన్మమున మొదటిసారి సల్వారు తొడిగి, ఇన్నాళ్ళు ఎందుకు తొడుగనైతినని నవ్వుకొనిరి.

వికారము కలుగునా?

ద్వీపముల నడుమ నీరు నిలకడగా నుండును. బయటి సముద్రమున మాత్రము ఓడ ఊగును. సియాటిల్‌నుండి బయలుదేరు పెద్దయోడలు పెక్కు వాంకూవరు ద్వీపమునకు పడమటగా మహాసముద్రముమీదుగా పోవును. వాంకూవరు నగరమునుండి బయలుదేరునవి ఆ ద్వీపమునకు లోపలిదారిని పోవును. వికారమునకు వెఱచువారు రెండవదారి నెన్నుకొనుట మంచిది. గది కోరునపుడు ఓడ నడిమిభాగమున, క్రింది యంతస్తులలో కోరవలెను. అచట ఊపు తక్కువ. కడుపు ఖాళీగా ఉంచరాదు. శొంఠిముక్క, అల్లపుమురబ్బా దగ్గఱ నుంచుకొని, తల త్రిప్పినపుడు దూరమున నీరును ఆకాశమును కలియు గీతవంక చూడవలెను. మాత్ర వేసికొనదలచినచో ఊపు మొదలగుటకు ముందే వేసికొనవలెను. అది నిద్రమత్తు కలిగించును. ఇతర మందులు వాడువారు ముందు వైద్యుని అడుగవలెను.

భోజనము

శాకాహారమునకు లోటు లేదు. పెద్ద కంపెనీలలో పెక్కింట భారతీయ శాకాహారము, జైనభోజనము కూడ వండిపెట్టుదురు. కాని టిక్కెట్టు కొన్నపుడే తెలియజేయవలెను. ఓడలో మొదటిరాత్రియే భోజనశాల పెద్దకు మరల చెప్పవలెను. ఇంట వండిన పులిహోర, అప్పడములు తీసికొనిపోవుటకు సాధారణముగా ఒప్పుకొనరు. మూత తెఱువని దుకాణపు పొట్లములకు చాలచోట్ల అభ్యంతరము లేదు. ఓడలోని పండ్లు రేవులోనికి తీసికొనిపోరాదు. అగ్నిభయముచే ప్రెషరు కుక్కరు, నీరు కాచు కడ్డీ, ఇస్త్రీపెట్టె గదిలో ఉంచనీయరు. దీపము, అగరువత్తి వెలిగించుటయు కూడదు. సంధ్యాదీప మెట్లని పెద్దమ్మగారు చింతించిరి. జూన్ మూడవవారమున ఆ దేశపు సంధ్య రాత్రి పది దాటినపిదప గాని రాదు. తెల్లవాఱుట నాల్గింటికి ముందే. ఆ వెలుగునకే చేతులు జోడించి ఆమె తృప్తిపడిరి. నిద్రకు మాత్రము కిటికీతెర గట్టిగా మూయవలెను.

ఆరోగ్యము

మందులన్నియు చేతిసంచిలో నుండవలెను. పెట్టె నోడవారు తీసికొని గదికి చేర్చుటకు కొన్ని గంటలు పట్టును. రోజుకు లెక్కకట్టి, మఱియొక వారమునకు సరిపడునన్ని, వైద్యుని చీటితోగూడ నుంచుకొనవలెను. ఓడలో వైద్యుడుండును గాని ఆయన చూచినందుకు రుసుము హెచ్చు. బీమా కొనునపుడు ఇదివఱకున్న జబ్బులకును, ఓడనుండి ఆసుపత్రికి అత్యవసరముగా చేర్చుటకును వర్తించునో లేదో స్వయముగా చదివించుకొని వినవలెను. ఇరువదినాలుగవ వారములో ప్రవేశించిన గర్భిణులను, ఆఱుమాసములు నిండని పసివారిని సాధారణముగా ఎక్కనీయరు. వేలమంది యొకచోట భుజించు చోట వాంతులు, విరేచనములు కలిగించు సూక్ష్మజీవి త్వరగా వ్యాపించును. దానికి చేతికి పూసికొను ద్రవముకంటె సబ్బును, నీరును మేలు; ఈ విషయమున మన ఇంటి యాచారమే సరియైనది. స్నానపుగదిలో చెంబు, బొక్కెన యుండవు; తేలికయైన ప్లాస్టికు చెంబొకటి పెట్టెలో పెట్టుకొనవలెను. నెలసరికి కావలసినవి ఇంటినుండియే తీసికొనుట మేలు. ఓడలో వెల హెచ్చు.

కాగితములు

సియాటిల్‌నుండి బయలుదేరి అచటికే వచ్చు ఓడలును కెనడా రేవొకదానిని తాకును. సాధారణముగా అది విక్టోరియా. 1886 నాటి అమెరికా చట్టము ప్రకారము విదేశపు ఓడలు ఆ దేశపు రేవుల మధ్య యాత్రికులను త్రిప్పునపుడు నడుమ పరదేశపు రేవును తాకవలసియున్నది. అందుచే భారతదేశపు పాస్‌పోర్టుపై చూపునకు వచ్చిన తల్లిదండ్రులు అమెరికా వీసాతోపాటు కెనడా వీసాయు ముందుగా పొందవలెను. ఇది తెలియక రేవువఱకు వచ్చి నిలిచిపోవువారు కలరు. వాంకూవరునుండి యెక్కువారికిని ఇదే నియమము. సియాటిల్‌నుండి ఆ యూరు సుమారు 140 మైళ్ళు. అమెరికాలో మరల ప్రవేశించుటకు తమ వీసా చెల్లునో లేదో కూడ చూచుకొనవలెను.

పాస్‌పోర్టు కొడుకుసంచిలో కాక మన సంచిలోనే యుండవలెనని మా గట్టి యభిప్రాయము. గదిసంఖ్య, ఓడ పేరు, పిల్లల ఫోను సంఖ్య చీటిపై వ్రాసి దగ్గఱ నుంచుకొనవలెను. అలాస్కా గడియారము సియాటిల్ గడియారముకంటె గంట వెనుక. రేవులో దిగునపుడు ఓడలోని కాలమేదో అడిగి తెలిసికొనవలెను. ఓడ ఎవరికొఱకును ఆగదు.

అపాయము గలదా?

టైటానిక్ కథ వినినవారికి మంచు, ఓడ యనగానే గుండె జల్లుమనును. 1912లో ఆ యోడ మునిగిన పిదప, 1914లో పలు దేశములు కూడి సముద్రప్రయాణ రక్షణకు నియమము లేర్పఱచుకొనినవి. నేడు అలాస్కా జలములలో ఆ త్రోవ లెఱిగిన స్థానికపు మార్గదర్శి ఈ విదేశపు ఓడలలో నుండవలెను. 2012లో ఇటలీ తీరమున కోస్టా కాంకార్డియా యను విహారనౌక ఒఱగి 32 మంది మరణించినపిదప, ఓడ కదలుటకు ముందో, కదలిన వెంటనేయో యాత్రికులందఱికి అపాయకాలమున చేరవలసిన చోటు చూపవలెనని నియమించిరి. ఏడు పొట్టి కూతలు, ఒక దీర్ఘపు కూత: ఇది ప్రమాదసూచన. భర్త చూచివచ్చెను గదా యని గదిలో నుండక, ప్రతి స్త్రీయు తన కాళ్ళతో నడచి ఆ చోటు చూచి రావలెను. ఆ వేళకు లిఫ్టు పనిచేయకపోవచ్చును గనుక మెట్లెన్నియో పెద్దమ్మగారు లెక్కపెట్టుకొని వచ్చిరి.

ఇంత శ్రమపడి చూచున దేమి?

స్కాగ్వేలో రైలున్నది. 1896లో క్లోండైకున బంగారము దొరికిన వార్తకు వేలమంది కాలినడకను దాటిన కనుమ నెక్కుటకై 1898లో దానిని మొదలిడి 1900లో పూర్తిచేసిరి. ఇరువది మైళ్ళలో మూడువేల అడుగులకు సమీపమైన యెత్తు కెక్కును. హవాయి వెచ్చని నీటిలో శీతకాలము గడపి, పిల్లలను గని, మేతకై వేసవిలో ఇచటికి వచ్చు తిమింగిలములు జూనో చుట్టుప్రక్కల అగపడును.

అన్నిటికంటె ముఖ్యమైనది గ్లేషియర్ బే. ఇది ట్లింగిట్ జాతివారి పురాతననివాసము. 1794లో వాంకూవరు నావికునివారు వచ్చినపుడు ఈ యఖాతము దాదాపు మొదటనుండియే మంచుగోడచే మూయబడియుండెను. 1879లో జాన్ మ్యూర్ వచ్చునాటికి ఆ మంచు నలువది మైళ్ళకు పైగా వెనుకకు పోయెను. నేడు అఱువది మైళ్ళకు పైగా ఓడలు లోనికి పోవుచున్నవి. దినమునకు రెండు విహారనౌకలనే అనుమతింతురు. ఎవరును దిగరు, ఓడపైనుండియే చూచుట. కొండనుండి సముద్రమువఱకు దిగివచ్చిన హిమానీనదము, అనగా మంచునది, నీలముగా నుండును; గట్టిపడిన మంచు ఎఱుపు కాంతిని మ్రింగి నీలమును విడిచిపెట్టును. మేడయంత తునక విఱిగి నీటబడునపుడు, ముందు అది పడుట కనబడును, పిదప ఉఱుము వినబడును.

ఆనాడు మా పెద్దమ్మగారు టోపి, తొడుగులు ధరించి, పొద్దున ఏడింటినుండి పైతట్టున నిలిచిరి. కాళ్ళు నొచ్చినపుడు కుర్చీలో కూర్చుండిరి. మధ్యాహ్నము కోడలు పిలిచినను లోనికి రాలేదు. అదే వేళ క్రింది గదులలో మన దేశపు స్త్రీలు కొందఱు, చలియని యెవరో చెప్పగా, శాలువలు కప్పుకొని కూర్చుండిరి. వారికి ఆ మంచు మఱి చూడ లభింపదు. ఒకసారి చూచుటకే ఎంతో వ్యయమైనది.

కావున సోదరీమణులారా, టిక్కెట్టు కొన్ననాడే ఒక నోటుపుస్తకము తీసికొనుడు. చిన్నదని సంకోచింపక ప్రతి సందేహమును వ్రాయుడు. పిల్లలు నవ్వినను అడుగుడు. జవాబు వచ్చువఱకు గీత కొట్టకుడు. కెనడా వీసా, ఉన్ని బనీను, వానకోటు, చేతిసంచిలో మందులు, కంపెనీకి శాకాహారపు కబురు: ఈ యైదును ముందుగా సరిచూచుకొనుడు. వంటయిల్లు మనది కాని ఆ యేడుదినములు ఇంటిల్లిపాదికి వడ్డించు బాధ్యతయు మనది కాదు. ఆ తీరికను గదిలో కాక ఓడపైతట్టున గడపుడు.