సోమవారం పూలు.. శనివారం పరుపు

"ఇంతకీ ఇందుట్ల పండుకునేదెవరు అల్లుడా?"

చేవెళ్లలో వెల్డింగ్ షాపు ముందు మా మామ అడిగిన ప్రశ్న ఇది. నా చేతిలో ఫోన్, ఫోన్‌లో కొలతలతో సహా గీసుకున్న డ్రాయింగ్. వెల్డర్ అన్న టేపు పట్టుకుని రెడీగా ఉన్నాడు. ఎదురుగా మామ బొలెరో పికప్. వెనక బాడీ తొమ్మిది అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు. ఆ రోజు పొద్దున దింపిన చేమంతుల రేకులు మూలల్లో ఇంకా అంటుకుని ఉన్నాయి.

"మనమే మామా. శనివారం రాత్రి క్యాంపింగ్" అన్నాను.

మామ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "మంచిదే. మరి సోమవారం నా పూలు ఎందుట్ల పోతయ్?" అన్నాడు.

నాలుగు నెలలుగా నేను చేసిన రీసెర్చ్ మొత్తం ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

రీల్స్‌లో చూసింది

మీ ఫోన్లోకీ వచ్చే ఉంటాయి ఆ వీడియోలు. పికప్ మీద టెంట్, పక్కన చిన్న పొయ్యి, ఎదురుగా కొండ, చేతిలో కాఫీ కప్పు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇది పెద్ద సరదా. మన దగ్గరా ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్ కొన్నవాళ్లు ఇలాంటివి చేయించుకుంటున్నారు. వీ-క్రాస్ తయారయ్యేది ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలోనే. కానీ ఆన్‌రోడ్ ధర పాతిక లక్షల పైమాటే. గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ, అద్దె కడుతూ, ఇంటికి పంపే నాలాంటి వాడికి అది స్క్రీన్‌సేవర్‌గానే బాగుంటుంది.

బండి కొనలేను సరే, మామకు బండి ఉంది కదా అనుకున్నాను. ఇక లిస్టు రాశాను.

రూఫ్ టాప్ టెంట్ 85,000. ఫైబర్ క్యానపీ 1,20,000. లిథియం బ్యాటరీ 28,000. బండిలో పెట్టుకునే ఫ్రిజ్ 32,000. పక్కకు వేసుకునే పందిరి 15,000. కొత్త టైర్లు, మెత్తగా ఉండేలా సస్పెన్షన్ పని 60,000. మొత్తం 3,40,000 రూపాయలు.

నా దగ్గర అంత లేదు. పర్సనల్ లోన్ ఆఫర్ మాత్రం రోజూ మెసేజ్‌లో వస్తూనే ఉంది. ఒక రాత్రి ఆ లింకు మీద వేలు పెట్టాను కూడా.

మర్రిచెట్ల దారి

ఈ ప్రాంతం తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డులో అప్పా జంక్షన్ దాటగానే గాలి మారుతుంది. ఒకవైపు హిమాయత్‌సాగర్, మరోవైపు గండిపేట. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి కట్టిన జలాశయాలివి. గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఈ రెండింటి నీళ్లు చెడిపోకూడదని 1996లో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. గచ్చిబౌలి అంత ఎత్తుకు లేచినా పక్కనే ఉన్న మొయినాబాద్ ఇంతకాలం పచ్చగా మిగిలిందంటే అందులో ఆ పాత కాగితం పాత్ర చాలా ఉంది.

చిలుకూరు బాలాజీ గుడి ఇక్కడే. వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108. నా ఇంజినీరింగ్ బ్యాచ్‌లో సగం మంది ఆ లెక్క పూర్తి చేసుకుని వెళ్లిపోయారు. నేను 11 దగ్గరే ఉన్నాను.

మొయినాబాద్ దాటాక మొదలవుతాయి మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా దాదాపు 900 మర్రులు. రోడ్డుకు అటూ ఇటూ కొమ్మలు కలిసిపోయి, మధ్యాహ్నం కూడా నీడలోనే బండి నడుస్తుంది. రోడ్డు వెడల్పు చేస్తే ఇవి పోతాయన్న భయం ఉండేది. వీటిని కాపాడాలని కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లారు. ఏళ్ల తరబడి పని ఆగింది.

రోడ్డు ఇరుకే, అబద్ధం కాదు. 2025 నవంబర్ 3 పొద్దున మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టింది. 19 మంది పోయారు. మామ రోజూ తిరిగే రోడ్డు అది. ఆ పొద్దున ఆయన ఫోన్ ఎత్తే వరకు మా ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. చెట్ల గురించి అడిగితే మామ ఇప్పటికీ ఒకటే అంటాడు: "చెట్టు బతకాలె, మనిషీ బతకాలె. రెండిటికి జాగ చూసెటోడే ఇంజినీరు."

అందుకే మొదటే ఒక నియమం పెట్టుకున్నాం. ఫొటో ఎంత బాగా వచ్చినా సరే, మర్రిచెట్టు కింద రోడ్డు పక్కన బండి ఆపి పడుకోవద్దు. క్యాంపింగ్ మామ సొంత పొలంలోనే.

చట్టం ఏమంటుంది?

మామ బండి పసుపు బోర్డు. అంటే సరుకు రవాణా వాహనం. కొత్త బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. బాడీ మీద పర్మినెంట్‌గా గది వెల్డింగ్ చేయించామా, ఫిట్‌నెస్ దగ్గర ఆగుతుంది. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేదీ అదే. నడుస్తున్న సరుకు బండి వెనక మనుషులు కూర్చోవడమూ కుదరదు. ప్రయాణం క్యాబిన్‌లో, పడక ఆగాకే.

అంటే ఏం పెట్టినా ఎత్తి కింద పెట్టేలా ఉండాలి. అలా లోన్ లింకు మూసేసి, రెండో లిస్టు రాశాను.

చదరపు ఐరన్ పైపు ఫ్రేములు, వెల్డింగ్ కూలీతో 7,500. పద్దెనిమిది ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ రెండు షీట్లు 6,400. ఫోమ్ పరుపు, రెక్సిన్ కవరు 5,200. రాణిగంజ్‌లో కొత్త టార్పాలిన్, తాళ్లు, కొక్కేలు 3,600. దోమతెర 900. చార్జింగ్ లైట్లు రెండు, పవర్ బ్యాంకు 3,200. చిన్న గ్యాస్ పొయ్యి, డబ్బాలు 2,400. ఐస్ బాక్సు, నీళ్ల క్యాన్ 2,300. మంటలార్పే సిలిండర్, ఫస్ట్ ఎయిడ్ డబ్బా 1,700. మొత్తం 33,200.

ఈ లిస్టు పట్టుకునే వెల్డింగ్ షాపుకు వెళ్లింది. అక్కడే మామ ఆ ప్రశ్న అడిగింది.

నా ఫ్రేమ్ ఎత్తడానికి నలుగురు కావాలని వెల్డర్ అన్న లెక్క చెప్పాడు. సోమవారం తెల్లవారుజామున రెండింటికి నలుగురిని ఎక్కడ తేవాలి? మామ కాసేపు ఆలోచించి షెడ్డు వైపు చూపించాడు.

"ఆ టమాట క్రేట్లు ఉన్నయ్ కదరా. పన్నెండు వరసగ పెట్టి, తాడుతోని బిగించి, మీద నీ చెక్క పరువు. అయిపాయె. ఐరన్ ఎందుకు?"

వెల్డర్ అన్న నవ్వి టేపు చుట్టేశాడు. బేరం పోయినా టీ ఆయనే తాగించాడు. లిస్టులోంచి 7,500 కొట్టేస్తే మిగిలింది 25,700. పైగా పరుపు కింద ఉన్న క్రేట్లే మా సామాన్ల అరలు: ఒక దాంట్లో గిన్నెలు, ఒక దాంట్లో బట్టలు, ఒక దాంట్లో నీళ్లు.

అసలు లెక్క

మామ పూలు వెళ్లేది గుడిమల్కాపూర్ మార్కెట్‌కు. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు రైతుల బంతి, చేమంతి, గులాబీ, జెర్బెరా అన్నీ అక్కడికే. మామ రాత్రి లోడ్ చేసుకుని రెండింటికి బయల్దేరతాడు. ఒక ట్రిప్పు మానుకుంటే మామకు పోయేది 1,800 రూపాయలు. నా క్యాంపింగ్‌కు డీజిల్ 600. అంటే రాత్రికి 2,400. ఫ్రెండ్స్‌తో మొయినాబాద్ ఫామ్‌హౌస్‌కు వెళ్తే నా వాటా ఎప్పుడూ 2,500 దాకా అవుతుంది. వంద రూపాయలు మిగుల్చుకోవడానికి ఇంత హంగామానా?

ఈ లెక్క చూపిస్తే మామ గోడ మీది క్యాలెండర్ తీశాడు. పుష్యమాసం, ఆషాఢం, మూఢాలు. ముహూర్తాలు లేని రోజులు. పెళ్లిళ్లు లేకపోతే పూలకు గిరాకీ తగ్గుతుంది. కొన్ని శనివారాలు లోడే ఉండదు. బండి ఊరికే నిలబడి ఉంటుంది. "గప్పుడు తీస్కపో" అన్నాడు.

లోడ్ లేని రాత్రి నాకు ఖర్చు డీజిలే. ఫామ్‌హౌస్‌తో పోలిస్తే 1,900 మిగులు. 25,700 తిరిగి రావాలంటే పద్నాలుగు రాత్రులు. మొదటి లిస్టు ప్రకారం 3,40,000 పెట్టి ఉంటే 179 రాత్రులు. నెలకొకసారి వెళ్తే దాదాపు పదిహేనేళ్లు. దానికి తోడు లోన్ వడ్డీ. ఆ లోపు బండి తుక్కుకు పోతుంది, నాకు నడుం నొప్పి వస్తుంది.

మీరు కూడా ఇలాంటిది అనుకుంటుంటే నా సలహా ఒకటే. సామాన్ల ధరల కంటే ముందు ఆ బండి ఏ రోజు ఖాళీగా ఉంటుందో అడగండి.

1930లలో ఆస్ట్రేలియాలో ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందని చెప్తారు. ఆదివారం చర్చికి, సోమవారం పందులను సంతకు తీసుకెళ్లడానికి ఒకటే బండి కావాలని. 1934లో గీలాంగ్‌లో తయారైన 'యూట్' ఆ ఆలోచనే అంటారు. ఆమెకు మా మామ తప్పకుండా నచ్చుతాడు.

ఆ రాత్రి

సంక్రాంతి తర్వాతి శనివారం. పుష్యమాసం, లోడ్ లేదు. ఖాళీ పికప్ ఎక్కితే తెలుస్తుంది, కమాన్లు టన్నున్నర బరువు కోసం పెట్టినవి, ఖాళీగా ఉంటే ప్రతి గుంతకూ ఎగరేస్తాయి. రెండు ఇసుక బస్తాలు వేశాక కొంచెం నయం. పొలంలో చదునైన చోట ఆపి, టైర్లకు రాళ్లు పెట్టి, క్రేట్లు, చెక్క, పరుపు సర్దేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. పైన పైపులకు టార్పాలిన్ కట్టాం. పొయ్యి మాత్రం కిందే, బయటే. టార్పాలిన్ లోపల పొయ్యి వెలిగిస్తే మంటే కాదు, పొగలోని విషవాయువూ ప్రాణం తీస్తుంది.

అత్త పంపిన జొన్నరొట్టెలు, పచ్చిపులుసు. మేం వేడి చేసుకుంది టీ ఒక్కటే. దూరంగా ఏదో ఫామ్‌హౌస్‌లో డీజే. పదకొండుకు అదీ ఆగింది. చలి పెరిగింది. నేను ఫోన్ పైకెత్తి నక్షత్రాల ఫొటో తీయబోతే నల్లగా వచ్చింది.

"నచ్చిందా మామా?" అన్నాను.

"నేను పదిహేనేండ్ల నుంచి బండిలనే పండుకుంటున్న కదరా" అన్నాడు మామ. "మార్కెట్‌ల వేలం అయ్యేదాంక, వానలల్ల, చలిల. పూల గోనెల మీద. దానికి పేరున్నదని నువ్వు చెప్పినంకనే తెలిసె."

నాకు ఏం అనాలో తోచలేదు. నేను 3,40,000తో కొనాలనుకున్నది ఆయన నా చదువుకు సాయం చేస్తూ చేసిన డ్యూటీ. నాలుగు అంగుళాల ఫోమ్ మీద మామ ఒక వైపు, నేను ఒక వైపు. ఇంతకాలం ఆ పరుపు ఆయన బండిలో ఎందుకు లేదని మాలో ఎవరమూ ఎప్పుడూ అడగలేదు.

రెండింటికి మెలకువ వచ్చి చూస్తే మామ లేచి కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది?"

"ఏం లేదు. టైమైంది కదా, మెలకువొచ్చింది."

"ఇయ్యాల లోడ్ లేదు మామా. పండుకో."

కొంచెంసేపు అలాగే కూర్చుని, దుప్పటి లాక్కుని పడుకున్నాడు. పొద్దున ఏడున్నర దాకా లేవలేదు. టీ తెచ్చిన అత్త కూడా లేపొద్దని సైగ చేసింది.

సోమవారానికి ప్లైవుడ్ షెడ్డు గోడకు ఆనించి ఉంది. క్రేట్లలో మళ్లీ టమాట. దోమతెర, లైట్లు నా రూముకు వచ్చేశాయి. పరుపును మాత్రం అడ్డంగా సగానికి కోయించాం. సగం నా శనివారాలకు. మిగతా సగం చుట్టి, తాడు కట్టి, క్యాబిన్‌లో సీటు వెనక పెట్టాం. గుడిమల్కాపూర్‌లో వేలం అయ్యేదాకా మామ దాని మీదే పడుకుంటున్నాడట.