పాలు, ప్రేమ, పని

పాలడబ్బా మీద పాపాయి బొమ్మ ఉండదు. ఎప్పుడైనా గమనించారా? సబ్బుల మీదా, డయపర్ ప్యాకెట్ల మీదా బోసినవ్వులు నవ్వే పిల్లలు పాలడబ్బా మీద మాత్రం కనపడరు. నేనూ గమనించలేదు, నా కూతురు పుట్టిన మూడో రాత్రి దాకా. హాస్పిటల్ గదిలో రెండున్నరకి నిద్ర పట్టక, కుట్లు సలుపుతుంటే, ఆ డబ్బాని చేతిలో తిప్పి తిప్పి చదివాను. ఇంగ్లీషులో పెద్దక్షరాలతో ఉంది: మీ బిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠం అని.

ఆ డబ్బా రాసిచ్చింది పై అంతస్తులో డాక్టరు. అమ్మింది కింద మందుల షాపు. శ్రేష్ఠమైనది నా దగ్గర లేదని అప్పటికే తేలిపోయింది.

సిజేరియన్ అయ్యాక పాపని నా పక్కన పడుకోబెట్టేసరికి నాలుగు గంటలు దాటింది. అప్పటికే సీసాతో పట్టేశారు. నన్నెవరూ అడగలేదు. "మీకింకా పాలు పడలేదు కదమ్మా" అంది నర్సు, జాలిగానే. మొదటి రెండు మూడు రోజులు వచ్చేది చిక్కటి ముర్రుపాలేననీ, అవి చెంచాల లెక్కనే వస్తాయనీ, పసిగుడ్డు పొట్టకి అవే చాలనీ నాకు తెలీదు. కొన్ని చుక్కలు చూసి, నా ఒళ్లు ఫెయిలైందనుకున్నాను.

డబ్బా మీద బొమ్మ ఎందుకు లేదో తర్వాత తెలుసుకున్నాను. 1992లో మన దేశం ఒక చట్టం చేసింది. 2003లో దాన్ని ఇంకా బిగించింది. పాలడబ్బాలకి, పాలసీసాలకి, రెండేళ్లలోపు పిల్లల డబ్బా ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు. తల్లులకి ఉచిత శాంపిళ్లు పంచకూడదు. లేబుల్ మీద తల్లి బొమ్మగానీ బిడ్డ బొమ్మగానీ వేయకూడదు. మంచి చట్టం. కంపెనీ నోరు కట్టేసింది. కానీ కంపెనీ మాట్లాడాల్సిన అవసరం లేకుండానే ఆ డబ్బా నా మంచం పక్కకి వచ్చేసింది.

2016లో కేంద్రం తల్లిపాల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాని పేరు 'మా'. మూడు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు; విడదీస్తే 'తల్లుల సంపూర్ణ ప్రేమ' అని అర్థం. మాధురీ దీక్షిత్ ప్రచారకర్త. ఆ పేరు నేను మామూలప్పుడు చదివుంటే ముచ్చటపడేదాన్నేమో. ఆ వారంలో చదివినప్పుడు మాత్రం గుండెలో గుచ్చుకుంది. పాలంటే ప్రేమైతే, పాలు రాని నాకు ఏం తక్కువైనట్టు?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు అంకెలున్నాయి. దేశంలో 88.6 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుకుంటున్న పిల్లలు మాత్రం 41.8 శాతం. అంటే ఆ గంటలో చుట్టూ చదువుకున్న మనుషులు ఉంటున్నారు. బిడ్డని తల్లి గుండెల మీదికి చేర్చే చెయ్యే ఉండటం లేదు.

నాకు ఆ చెయ్యి ఏడో రోజు దొరికింది, నల్గొండ దగ్గర మా అమ్మగారి ఊళ్లో.

అమ్మ అప్పటికే వెల్లుల్లి కారంతో వేడన్నం పెడుతోంది. "మా కాలంల గీ డబ్బాలు యాడియి?" అని గొణుగుతోంది. పొద్దున పదింటికి ఆశా వర్కర్ వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. చేతులు కడుక్కుంది, పాపని తూకం వేసింది, ఒళ్లు వేడి చూసింది. తర్వాత నా ఎదురుగా ముక్కాలి పీట లాక్కుని కూచుంది.

"ఇయ్యి చెల్లె, చూస్త."

సిగ్గుపడ్డాను. పాప నోరు పెట్టగానే పళ్లు బిగబట్టాను. ఆమె నా మొహం చూసింది.

"ముందుగాల నువ్వు వీపు ఆనిచ్చి కూసో. నువ్వు పాప మీదికి వంగకు, పాపను నీ దగ్గరికి తెచ్చుకో. నోరు పెద్దగ తెరిచినంక పెట్టు. నల్లటిది మొత్తం నోట్లెకి వోవాలె. కొన ఒక్కటే పట్టుకుంటే నీకు నొప్పి, దానికి ఆకలి."

మూడోసారికి కుదిరింది. పాప గుటక వేసిన చప్పుడు మొదటిసారి విన్నాను.

"నాకు పాలు లేవనుకున్నానక్కా" అన్నాను, ఏడుస్తూ.

"లేకపోవుడేంది? ఇది పని చెల్లె. పత్తి ఏరుడు లెక్క. ఒకలు చూపిస్తె వస్తది."

ఆ మాటతో నా నెత్తి మీంచి పెద్ద బరువు దిగింది. ప్రేమని ఎవరూ నేర్పలేరు. పనిని నేర్పొచ్చు.

నలభై రెండో రోజు దాకా ఆమె చెప్పిన తేదీలకి చెప్పినట్టే వచ్చింది. డబ్బాపాలు ఒక్కసారే మాన్పించలేదు. పూట పూటా తగ్గిస్తూ పోయాం, నెల పట్టింది. ఆ రాకపోకలన్నిటికీ కలిపి ప్రభుత్వం ఇచ్చేది 250 రూపాయలు. 'మా' కింద మూడు నెలలకోసారి తల్లులతో మీటింగు పెడితే ఇంకో 100. కాగితం మీద ఆమె ఉద్యోగి కాదు, వాలంటీరు.

ఒకరోజు అడిగాను, "మీ పిల్లలకి ఆరు నెలలు మీ పాలేనా అక్కా?"

నవ్వింది. "చిన్నోడప్పుడు మూడో నెలల్నే పత్తికి వోయిన. పొద్దుగాల ఇచ్చి పోతె మల్ల మాపుకే. నడుమ మా అత్త బర్రెపాలల్ల నీళ్లు కలిపి పట్టేది."

"అప్పుడు మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పకేం, అంగన్‌వాడీల చెప్పిండ్రు. అన్ని తెల్సు. తెల్సుకుంటె కూలి వస్తదా?"

నాకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. 2017 సవరణకి ముందు 12 వారాలే. డెలివరీకి ముందే రెండు వారాలు వాడేశాను కాబట్టి, ఆరు నెలలు నిండకుండానే ఆఫీసుకి వెళ్లాను. స్టేషనరీ గదిలో ప్రింటర్ కాగితాల కట్టల మధ్య పంపు పెట్టుకుని పాలు తీసేదాన్ని. చాలాసార్లు తిట్టుకున్నాను. తిట్టుకున్న ప్రతిసారీ పత్తిచేను గుర్తొచ్చేది. నా గది ఇరుకే, కానీ ఆ ఇరవై నిమిషాలకి జీతం కోసుకోలేదు.

డబ్బాపాలు విషం కాదు. అవి లేకపోతే బతకని పిల్లలున్నారు, నా కూతురి కడుపు కూడా కొన్నాళ్లు అవే నింపాయి. నా గొడవ డబ్బాతో కాదు. తల్లిపాలు శ్రేష్ఠమని తల్లికి మళ్లీ మళ్లీ చెప్పడం తేలిక, పోస్టరు ఖర్చుతో అయిపోతుంది. పక్కన పీటేసుకుని కూచునే మనిషికి జీతం ఇవ్వాలి. పత్తిచేనుకి వెళ్లే తల్లికి ఆరు నెలలు కూలి ఇవ్వాలి. అవి ఖర్చులు. ప్రేమ అని పేరు పెడితే ఆ ఖర్చు మొత్తం తల్లి ఖాతాలో పడుతుంది.

పోయిన నెల మా టీమ్‌లో ఒకమ్మాయి కాన్పయింది. చూడటానికి వెళ్తే, మంచం పక్కన తెలిసిన డబ్బానే కనపడింది. "నాకు పాలు పడలేదక్కా" అంది, తప్పు చేసినదానిలా.

బ్యాగు కింద పెట్టి చేతులు కడుక్కుని వచ్చాను. వీపు వెనక దిండు సర్ది, స్టూలు దగ్గరికి లాక్కున్నాను.