చేప కళ్ళతో రొయ్య

మన ఇండస్ట్రీలో "కాపీ" అన్న మాటకి అస్సలు మర్యాద లేదు. ఎవడైనా ఏదైనా చేస్తే "ఎక్కడో చూసి కాపీ కొట్టాడ్రా" అనేస్తాం, అక్కడితో వాడి కష్టం ఖాతాలోంచి పోయినట్టే. నా మటుకు నాకు, ఒక వస్తువుని సరిగ్గా కాపీ కొట్టడం కంటే కష్టమైన పని ఇంకోటి లేదనిపిస్తోంది. మూడేళ్ళుగా రాత్రిపూట నేను చేస్తున్న ఒక పని వల్ల ఈ అభిప్రాయం గట్టిపడింది. ఆ పనేంటంటే దారం, ఈకలు, కుందేలు బొచ్చు, పూసలు పెట్టి కొక్కేల మీద రొయ్యలూ పీతలూ కట్టడం. నవ్వకండి, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు కొంచెం నేపథ్యం. గాలం మనకి కొత్తేం కాదు. వానపామునో పిండి ఉండనో గుచ్చి వేస్తాం, చేప తిండి కోసం వచ్చి తగులుకుంటుంది. ఫ్లై ఫిషింగ్‌లో తిండి ఉండదు, తిండి అనిపించేది మాత్రమే ఉంటుంది. దాన్నే ఫ్లై అంటారు. ఏళ్ళో ఉండే ట్రౌట్ చేపల కోసం ఈగల్లా, పురుగుల్లా కట్టేవాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చింది. ఉప్పునీళ్ళలో చేపలు ఎక్కువగా తినేది రొయ్యల్నీ, పీతల్నీ, చిన్న చేపల్నీ. కట్టేది రొయ్యే అయినా పేరు మాత్రం ఫ్లై గానే ఉండిపోయింది. (మన కోడ్‌లో వేరియబుల్ పేర్ల లాగే అన్నమాట.)

నేనుండేది దక్షిణ ఫ్లోరిడాలో. రెండు గంటలు డ్రైవ్ చేస్తే ఫ్లోరిడా కీస్ దీవులొస్తాయి. అక్కడ మోకాలి లోతు నీళ్ళు మైళ్ళ కొద్దీ పరుచుకుని ఉంటాయి. కింద ఇసుక, సముద్రపు గడ్డి. నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే మనం చేపని చూడగలం, చేప మనల్ని ఇంకా బాగా చూడగలదు. పోటు వచ్చేటప్పుడు బోన్‌ఫిష్ అనే వెండి రంగు చేపలు ఆ లోతు తక్కువ నీళ్ళలోకొస్తాయి. ముక్కు బురదలో పెట్టి, తోక పైకి లేపి, రొయ్యల్నీ పీతల్నీ వెతుక్కుంటాయి. వీటి గొంతులో చిప్పల్ని నలిపేసే పళ్ళుంటాయి. పేరుకి తగ్గట్టే ఒంటి నిండా ముళ్ళు. 2013 నుంచి ఫ్లోరిడాలో బోన్‌ఫిష్ ఎవరు పట్టినా వదిలెయ్యాల్సిందే, ఇంటికి తెచ్చుకోవడం కుదరదు.

సరే, అసలు విషయానికొస్తాను. ఈ చేప కోసం రొయ్యని కట్టాలంటే ఏం కావాలి? మనకి మొదట తట్టేది రూపం. పది కాళ్ళు, మీసాలు, తోక దగ్గర మడతలు. నేను మొదట గమనించింది ఏంటంటే, బాగా చేపలు పట్టే ఫ్లైల్లో ఇవేవీ సరిగ్గా ఉండవు. క్రేజీ చార్లీ అని ఒకటుంది. 1970ల చివర్లో బాబ్ నౌహైమ్ అనే ఆయన బహామాస్‌లోని యాండ్రోస్ దీవికి వెళ్ళి, చార్లీ స్మిత్ అనే గైడుతో చేపలు పట్టాక తయారైంది. కొక్కెం, కాస్త తళుకు, నాలుగు ఈక పోగులు, కళ్ళ కింద రెండు లోహపు పూసలు. పాతకాలం టేబుల్ లైట్‌కి లాగే గొలుసు ఉంటుందే, అందులోంచి కత్తిరించిన లాంటి పూసలు. అంతే. దాన్ని ఎవరికైనా చూపించి ఇది రొయ్య అంటే నమ్మరు. బోన్‌ఫిష్ నమ్ముతుంది.

ఎందుకు నమ్ముతుందో అర్థమైతే ఈ విద్య సగం వచ్చినట్టే. ఆ పూసలు అలంకారం కాదు. కొక్కెం మొన ఉన్న వైపు కాకుండా దానికి ఎదురు వైపు వాటిని కడతారు. ఆ బరువుకి కొక్కెం నీళ్ళలో తిరగబడి మొన పైకొస్తుంది, కింద గడ్డికి చిక్కుకోదు. చీలమండ లోతు నీళ్ళకైతే పూసలే బరువెక్కువ, టప్ మని పడితే చేప పారిపోతుంది. నడుం లోతైతే సీసం కళ్ళు కావాలి, లేకపోతే ఫ్లై కిందకి దిగేలోపు చేప దాటిపోతుంది. అందుకే నేను కట్టిన ప్రతిదాన్నీ ముందు బకెట్ నీళ్ళలో వేసి చూస్తాను. ఎంతసేపట్లో అడుక్కి చేరుతోంది, మొన పైకి ఉందా, పక్కకి ఒరుగుతోందా. యూనిట్ టెస్టింగ్ అనుకోండి.

ఇంకో సంగతి. చాలా రొయ్య ఫ్లైల్లో తల కొక్కెం వంపు దగ్గరుంటుంది, తోక దారం కట్టే వైపు ఉంటుంది. చూసేవాళ్ళకి తిరగేసి కట్టినట్టనిపిస్తుంది. కళ్ళు చెయ్యడానికి నైలాన్ తీగ కొసని లైటర్‌తో కాలుస్తాం, అది కరిగి చిన్న గుండులా అవుతుంది. దానికి నల్ల గోళ్ళరంగు అద్ది, వెనక్కి చూస్తున్నట్టు కడతాం. ఒక రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి ఇది చూపించాను. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, నాన్న పాతికేళ్ళకి పైగా రొయ్యల చెరువు చేస్తున్నాడు. కెమెరా దగ్గరగా పెట్టగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత కౌంటురా ఇది?"

(తెలియనివాళ్ళ కోసం: కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంటు. ముప్ఫై కౌంటు అంటే పెద్దవి, వంద కౌంటు అంటే చిన్నవి. ధరంతా దాని మీదే.)

తల అటు వైపు ఎందుకు కట్టానో చెప్పబోతుంటే ఆయనే అందుకున్నాడు. "బెదిరిన రొయ్య ముందుకెళ్ళదు కదా, తోక కొట్టి వెనక్కి గెంతుద్ది. నువ్వు లాగితే అది వెనక్కెళ్ళాలి, అందుకని." అంతే. సముద్రం మీద ఫ్లై వెయ్యడం ఆయన ఎప్పుడూ చూడలేదు. కానీ రొయ్యని చూశాడు.

పీతల దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పర్మిట్ అని ఒక చేప ఉంది. మన విశాఖలోని సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం వాళ్ళు పిల్లల్ని పుట్టించి పెంచే ఇండియన్ పాంపనోకి ఇది దాయాది, రెండూ ఒకే ప్రజాతి. పీతలంటే దానికి ప్రాణం, కానీ అనుమానం ఎక్కువ. ఫ్లైతో జీవితంలో ఒక్క పర్మిట్ పడితే చాలనుకునేవాళ్ళే ఎక్కువ. అలాంటిది డెల్ బ్రౌన్ అనే ఆయన 500కి పైగా పట్టాడు. ఆయన పీత ఎలా ఉంటుందో తెలుసా? కార్పెట్లు అల్లే ఊలు దారం ముక్కల్ని కొక్కెం మీద అడ్డంగా వరసగా కట్టి, చుట్టూ కత్తిరించి, నాలుగు రబ్బరు కాళ్ళు తగిలించి, ముందు సీసం కళ్ళు. పాత డోర్‌మాట్‌లోంచి ఊడొచ్చిన ముక్కలా ఉంటుంది. షాపుల్లో దీని పక్కనే కీళ్ళతో, మచ్చలతో అచ్చం పీతలా పోతపోసినవి దొరుకుతాయి. వాటిని చూస్తే మనకే కొనుక్కోవాలనిపిస్తుంది. అవి మనుషుల్ని పట్టడానికి చేసినవి.

ప్రమాదం వస్తే పీత చేసే పని ఒకటే: ఏటవాలుగా గబగబా అడుక్కి దిగి, ఇసుకలో నక్కడం. ఆ ఊలు ముక్క సరిగ్గా అదే చేస్తుంది. చదునుగా ఉంటుంది, ముందు బరువుంటుంది కాబట్టి ఏటవాలుగా దిగుతుంది, కింద పడ్డాక రబ్బరు కాళ్ళు వాటంతటవే కదులుతాయి. లాగకుండా ఊరుకుంటే చేపే వచ్చి వాసన చూసినట్టు చూస్తుంది. ఆ రెండు మూడు క్షణాలూ గుండె ఎక్కడుంటుందో చెప్పలేను.

ఇక్కడే నాకు మన పని గుర్తొస్తుంది. మనం కట్టేవాటిలో ఎన్ని పోతపోసిన పీతలు! డెమోలో మేనేజర్‌కి, క్లయింట్ వైస్ ప్రెసిడెంట్‌కి నచ్చేలా చేస్తాం. రోజూ దాన్ని వాడాల్సిన గుమాస్తా ఎక్కడో ఇంకో ఊళ్ళో ఉంటాడు, అతను దాన్ని ఎలా చూస్తాడో మనకి పట్టదు. ఇక్కడ చేప రివ్యూ మీటింగ్‌కి రాదు. నచ్చకపోతే తోక తిప్పుకుని వెళ్ళిపోతుంది, ఫీడ్‌బ్యాక్ అంతే.

తిననప్పుడు పట్టడమెందుకని అమ్మ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. వదిలేసిన చేప కూడా అలసిపోయి ఉంటే సొరచేపకి దొరికిపోవచ్చు. అందుకని కొక్కెం ముల్లు నొక్కేస్తాను, చేపని నీళ్ళలోంచి పైకి తియ్యను, రెండు తగిలితే ఆ రోజుకి ఆపేస్తాను. ఇది పూర్తి సమాధానం కాదని నాకూ తెలుసు. నిజానికి పట్టడం కంటే కట్టడమే నాకు ఎక్కువ ఇష్టం.

ఇంతకీ ఈ టపా రాయడానికి కారణం వేరే ఉంది. పోయిన నెల నాన్న, "ఈ పంట తీశాక చెరువు లీజుకిచ్చేద్దామనుకుంటున్నా, నువ్వేమంటావు?" అన్నాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, రాత్రిళ్ళు కరెంటు పోతే ఏరేటర్ల కోసం జనరేటర్ దగ్గరికి పరుగెత్తే వయసు కాదు. ఆయన అడిగింది లీజు గురించి కాదని ఇద్దరికీ తెలుసు. నేను తిరిగొచ్చి చెరువు చెయ్యను. ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు అనాల్సిందే కాబట్టి "ఇచ్చెయ్ నాన్నా" అన్నాను. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

భూమి ఎక్కడికీ పోదు. పోయేది ఆయన చూపు. మేత వేసిన రెండు గంటలకి చెక్ ట్రే పైకి లేపి, మిగిలిన మేత చూసి, రొయ్యని వెలుగుకి పట్టుకుని పేగు నిండిందా లేదా, గుల్ల మెత్తబడిందా, రంగు మారిందా అని ఒక్క చూపులో చెప్పేస్తాడు. ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. దాన్ని లీజుకివ్వడం కుదరదు, నాకు రాసివ్వడమూ కుదరదు. అందుకే ఇప్పుడు ఆదివారం రాత్రి ఇక్కడ నేను వైస్‌కి కొక్కెం బిగించేసరికి అక్కడ తెల్లారుతుంది, ఆయన ఫోన్ పట్టుకుని చెరువు గట్టు మీద కూర్చుంటాడు. ట్రేలో రొయ్యని కెమెరాకి చూపిస్తాడు. అది మీసాలు ఎలా ఆడిస్తోందో చూసి నేను ఇక్కడ కడతాను. పంట తియ్యడానికి ఇంకో ఆరు వారాలుంది.