ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావు?

ఆదివారం గదులు ఊడ్చే వంతు మాది. కిటికీ గట్టు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. విశాఖలో ఉండేవాళ్లకు ఈ దుమ్ము కొత్తేమీ కాదు. ఆ దుమ్ములో కంటికి కనబడని ప్రాణులు కూడా ఉంటాయని మా సైన్సు మాస్టారు చెప్పారు. మరి అవి ఎంత ఎత్తుకు పోగలవు? ఆ ప్రశ్న నన్ను వదలలేదు.

జవాబు మన హైదరాబాదులోనే ఉంది. 2005 ఏప్రిల్ 20న అక్కడి టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్ ఎగరేయించింది. దానికి 459 కిలోల పరికరం కట్టారు. అందులో ముందే సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన 16 స్టీలు గొట్టాలు. ద్రవ నియాన్ చలికి లోపలికి వచ్చిన గాలి గడ్డకట్టేస్తుంది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలిని పట్టుకుని అవి పారాషూట్ మీద దిగాయి. హైదరాబాదు సీసీఎంబీలోనూ, పూణేలోనూ పరీక్షిస్తే 12 బాక్టీరియాలు, 6 శిలీంధ్రాలు పెరిగాయి! వాటిలో మూడు బాక్టీరియాలు కొత్త జాతులని 2009లో ప్రకటించి, ఇస్రో, ఆర్యభట్ట, ఫ్రెడ్ హాయిల్ పేర్లు పెట్టారు.

మిత్రులారా, అక్కడ బతకడం ఆషామాషీ కాదు. 30 కిలోమీటర్ల పైన గాలి ఇక్కడి గాలిలో నూరో వంతు. ఎముకలు కొరికే చలి. తిండి లేదు, తడి లేదు. అతినీలలోహిత కిరణాలు జీవకణంలోని డీఎన్‌ఏను తెగ్గొడతాయి. బాసిల్లస్ రకాలు ఏం చేస్తాయంటే, ఒంట్లో నీరు తగ్గించుకుని, గట్టి పొరలు కప్పుకుని సిద్ధబీజంగా మారతాయి. చిన్న ప్రోటీన్లు డీఎన్‌ఏను చుట్టి కాపాడతాయి. తినవు, పెరగవు, ఓపిగ్గా ఉంటాయి. తడీ తిండీ దొరికిన రోజున లేచి, ముందు తెగిన చోట బాగుచేసుకుంటాయి. దుమ్ము రేణువు చాటు దొరికితే ఎండ దెబ్బ ఇంకా తగ్గుతుంది.

ఇవి వేరే లోకం నుంచి రాలాయా అని అప్పట్లో చర్చ జరిగింది. అలా అని ఆ ప్రయోగం రుజువు చేయలేదు. ఆర్యభట్ట పేరు పెట్టిన బాక్టీరియా తర్వాత మామూలు మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర కూడా దొరికింది.

ఇది చదివిన రోజు నాకు ఒక పాత మాట గుర్తుకొచ్చింది. కాలేజీలో చేరిన కొత్తలో నా యాస విని ఒకబ్బాయి "ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావురా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నెల రోజులు క్లాసులో నోరు విప్పలేదు. ఇంటికి వెళ్లిపోదామనుకున్నాను. మా వార్డెన్ సారు, గదిలోని అన్నలు ఆపారు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే చెబుతాను: ఊడిపడలేదు, మట్టిలోంచే వచ్చాను. ఆ నెల రోజులు నేను ఊరికే లేను, తెగిన చోట అతుకు వేసుకుంటున్నాను. ఈ ఏడాది కొత్తగా చేరి, గదిలో మూలన కూర్చున్న తమ్ముళ్లారా, ఈ నాలుగు మాటలు మీ కోసమే.