అడగకుండా చేసిన ప్రార్థన



ఈ వారం నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. కోదాడ పక్క పల్లెలో మన సంఘపు తల్లి ఒకామె ఉంది. ఆమె కొడుక్కి పదకొండేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల నడవలేడు, మాట స్పష్టంగా రాదు. ఏడేళ్లుగా ఆ బాబు తల మీద చేయి ఉంచి, లేపి నడిపించమని ప్రార్థిస్తున్నాను. సంఘమంతా ఆమేన్ అంటుంది. ఆ తల్లిని మాత్రం నేను ఒక్క మాట అడగలేదు.

మొన్న మార్కు సువార్త 10వ అధ్యాయం ధ్యానిస్తూ బర్తిమయి దగ్గర ఆగిపోయాను. అతను గుడ్డివాడని యెరికో దారిలో అందరికీ తెలుసు. ప్రభువుకు తెలియదా? అయినా నీకేం కావాలని అడిగి, జవాబు అతని నోటి నుండే రానిచ్చాడు. అన్నీ తెలిసిన ఆయనే అడిగితే, ఏమీ తెలియని నేను ఎందుకు అడగలేదు?

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అడిగాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని ఇలా చెప్పింది: "అయ్యగారూ, మండలంలో భవిత సెంటర్‌కు ఫిజియోథెరపీ సారు వచ్చే రోజు నేను నాట్లకు పోవాలె. పోకపోతే కూలి పోతది. ఆ ఒక్కపూట బాబును ఎవరన్నా తీస్కపోతే చాలు."

ఆమెకు కావలసిన సహాయం మన చేతుల్లోనే ఉంది. ఏడేళ్లు అది నాకు తెలియలేదు.

తర్వాత తోటి సేవకులతో కలిసి మరికొన్ని ఇళ్లకు వెళ్లాను. సూర్యాపేటలో ఒక అమ్మమ్మ, మనవరాలికి వచ్చిన వీల్‌చైర్ చూపించింది. పాపకు అది చాలా పెద్దది, గుమ్మంలో పట్టదు. "కొలత అడిగితే చెప్పేదాన్ని కదా" అంది. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేసే ఒక తండ్రి, "మావాడి పేరు హాజరు పట్టీలో ఉంది, వాడు మాత్రం వరండాలో కూర్చుంటడు. పిల్లల మధ్య కూర్చోబెడితే చాలు" అన్నాడు. మూడు ఇళ్లు, మూడు జవాబులు.

వీళ్లు ముందే ఎందుకు చెప్పలేదు? యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు, ఇది ఎవరి పాపమని అడిగారు. మన ఊళ్లలో, మన సంఘాల్లో కూడా ఆ ప్రశ్న ఇంకా పోలేదు. అది విన్న తల్లి నోరు తెరవదు.

అందుకే ఈ సంగతులు తెలుసుకోండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరి బడి కావాలో, ప్రత్యేక పాఠశాల కావాలో ఎంచుకోవచ్చు. సమగ్ర శిక్ష పథకంలో రాకపోకలకూ, తోడు వచ్చేవారికీ భత్యం ఉంది. బడికి రాలేని పిల్లల కోసం ఇంటి దగ్గరే చదువు చెప్పే ఏర్పాటు ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే. 2012 సవరణతో వైకల్యమున్న పిల్లల తల్లిదండ్రులకూ అందులో చోటు కల్పించాలి. అంటే వాళ్లను అడగవలసిన చోటు చట్టంలోనే ఉంది. ఆ కుర్చీలో వాళ్లు కూర్చునేలా మనం తోడు వెళ్లాలి.

ఇప్పుడు మన యవ్వనస్థులు ఇద్దరు వంతులవారీగా ఆ బాబును ఆటోలో సెంటర్‌కు తీసుకెళ్తున్నారు. బాబు ఇంకా నడవలేదు. స్వస్థత కోసం ప్రార్థన మానలేదు, మానను. కానీ ప్రార్థనకు ముందు ఆ తల్లిని, "ఈ వారం ఏం కావాలమ్మా?" అని అడుగుతున్నాను.

వచ్చే నెల రెండవ ఆదివారం ఆరాధన తర్వాత ఇలాంటి కుటుంబాలన్నీ కూర్చుందాం. వాళ్లు మాట్లాడతారు, నేను రాసుకుంటాను. వాళ్లు సరే అన్నవి మాత్రమే హెడ్మాస్టరు గారి దగ్గరికి, ఎం.ఇ.ఓ. గారి దగ్గరికి వాళ్లతోనే కలిసి తీసుకెళ్దాం.

అడిగే వినయమును, వినే ఓపికను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.